రష్యాలో రాత్రి రైళ్లు, పది మంది గ్రూపు: ట్రావెల్స్ వాళ్లని ముందే ఏమేం అడగాలి?

మంజీరా:
అందరికీ నమస్కారం. వచ్చే సెప్టెంబరులో మేం పది మందిమి రష్యా వెళ్తున్నాం. అమ్మ, అక్కాబావలు, మా ఇంట్లో ముగ్గురం, బావగారి స్నేహితుల కుటుంబం నలుగురు. చిన్న గ్రూపుల్నే తీసుకెళ్లే ఒక ట్రావెల్స్ దగ్గర బుక్ చేశాం. మాస్కో చూశాక రాత్రి రైల్లో కజాన్, మళ్లీ రాత్రి రైల్లోనే మాస్కో, చివరికి ఇంకో రాత్రి రైల్లో సెయింట్ పీటర్స్‌బర్గ్. హోటల్ ఖర్చు కలిసొస్తుందని, పగలంతా ఊరు చూడ్డానికి మిగులుతుందని వాళ్లంటున్నారు.

అమ్మకి 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, అప్పర్ బెర్తు ఎక్కలేదు. అమ్మ, అక్క శాకాహారులు. మాకిచ్చిన కాగితంలో రైలు గురించి ‘రాత్రి రైలు, కూపే’ అని మాత్రమే ఉంది. ఇంకా ఏమేం అడిగి తెలుసుకోవాలి? వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రైలుపిచ్చి:
మంజీరా గారూ, ముందు క్లాసుల సంగతి చెప్తాను. అక్కడి రాత్రి రైళ్లలో ముఖ్యంగా మూడు రకాలుంటాయి. ప్లాత్స్‌కార్త్ అంటే తలుపుల్లేని బోగీ, 54 బెర్తులు. మన స్లీపర్ బోగీలో మిడిల్ బెర్తు తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది: ఒకవైపు నాలుగు, నడవా అవతల సైడ్ లోయర్, సైడ్ అప్పర్. కూపే అంటే తలుపున్న గది, నాలుగు బెర్తులు, బోగీకి 36. మన ఫస్ట్ ఏసీలో కూపే ఇద్దరికే కాబట్టి మనవాళ్లు ఇది కూడా ఇద్దరిదే అనుకుంటారు. అక్కడ ఇద్దరి గదిని ఎస్‌వీ అంటారు. రేటు బాగా ఎక్కువ.

బెర్తు నంబరు బేసి అయితే లోయర్, సరి అయితే అప్పర్. మామూలు కూపే బోగీలో 1 నుంచి 4 మొదటి గది, 5 నుంచి 8 రెండోది, ఇలా సాగుతుంది. 33 నుంచి 36 ఉన్న గది టాయిలెట్‌ని ఆనుకుని ఉంటుంది. రాత్రంతా తలుపు చప్పుడే, అది మాత్రం తీసుకోవద్దు.

ఇప్పుడు మీ లెక్క చూడండి. పది మంది అంటే రెండు గదులు పూర్తిగా మీవి, ఇద్దరు మూడో గదిలో వేరేవాళ్లతో. ఆ ఇద్దరు ఎవరన్నది ఇక్కడే తేల్చుకుని బయల్దేరండి. అర్ధరాత్రి ప్లాట్‌ఫామ్ మీద పెట్టెలు పట్టుకుని తేల్చుకునే విషయం కాదది.

గోస్తనీ:
పై మాటకి నేను సాక్ష్యం. మా గ్రూపుని ఒకే బోగీలో వేస్తామని చెప్పి, చివరికి మూడు బోగీల్లో చెల్లాచెదురుగా వేశారు. మా అత్తయ్యగారికి అప్పర్ వచ్చింది. ఎదురు బెర్తు కుర్రాడు ఆవిడ ముఖం చూసి తనంతట తనే పైకెక్కాడు కాబట్టి సరిపోయింది. ట్రావెల్స్ వాళ్లని అడిగితే ‘సిస్టమ్ అలా ఇచ్చింది’ అన్నారు. సిస్టమ్ ఇవ్వదండీ. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బోగీ బొమ్మ కనిపిస్తుంది, కావలసిన బెర్తు మీద నొక్కి కొనుక్కోవడమే. ముందే కొనలేదు కాబట్టి మిగిలినవి దొరికాయి.

అందుకే ‘లోయర్ ఇస్తాం’ అన్న మాట మీద ఉండిపోవద్దు. టికెట్ల కాపీలు అడగండి. బోగీ నంబరు, బెర్తు నంబరు, పాస్‌పోర్టు నంబరు మూడూ దాని మీదే ఉంటాయి. పాస్‌పోర్టు నంబరులో ఒక్క అంకె తేడా ఉన్నా రైలెక్కేచోట ఇబ్బందే. మీలో ఎవరైనా ఈలోగా పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుంటే కొత్త నంబరు వెంటనే వాళ్లకి పంపండి.

ఇంకొకటి. రైల్లో మనతో పాటు గైడ్ ఉంటారా అని అడగండి. చాలా టూర్లలో మాస్కో గైడ్ స్టేషన్లో ఎక్కించి వెళ్లిపోతారు, పొద్దున అవతలి ఊరి గైడ్ వచ్చి దింపుకుంటారు. మధ్యలో రాత్రంతా మన గ్రూపు మనమే.

కజాన్ డాక్టరమ్మ:
నేను కజాన్‌లో మెడిసిన్ చదివాను. ఇండియా విమానం కోసం మాస్కో వెళ్లేది ఈ రాత్రి రైల్లోనే. దాదాపు 800 కిలోమీటర్లు, పదకొండు పన్నెండు గంటలు. మంజీరా గారూ, భయపడాల్సిందేమీ లేదు, కానీ అక్కడి పద్ధతి తెలిసి వెళ్తే అమ్మగారికి సుఖంగా ఉంటుంది.

బోగీ బాధ్యతంతా ప్రొవద్నీత్సాది. మన టీటీఈ, అటెండెంట్, స్వీపర్ ముగ్గురి పనీ ఆవిడే చేస్తుంది. దూరం వెళ్లే రైళ్లలో బోగీకి ఇద్దరుంటారు, వంతులేసుకుంటారు. ఎక్కేచోట మెట్ల పక్కన నిలబడి పాస్‌పోర్టు తెరిచి, చేతిలో మెషీన్‌లో పేరు సరిచూసుకున్నాకే లోపలికి పంపుతుంది. పది మందీ పాస్‌పోర్టులు చేతిలో పట్టుకుని ఉండండి. పెట్టె అడుగున పెట్టుకుని అక్కడ వెతుక్కుంటే వెనక లైనంతా చలిలో నిలబడాల్సి వస్తుంది.

లోపల లోయర్ బెర్తు పరుపుతో సహా పైకి లేస్తుంది. కింద పెట్టెలు పెట్టుకునే అర ఉంటుంది. పడుకున్న మనిషిని లేపితే తప్ప ఆ సామాను ఎవరూ తియ్యలేరు. పాస్‌పోర్టులు, డబ్బు ఒంటి మీదే ఉంచుకోండి, పెద్ద పెట్టెలు ఆ అరలోకి తొయ్యండి. సామాను ఒక్కొక్కరికి 36 కిలోల దాకా ఉచితం.

పక్క వేసుకోవడానికి సీల్ చేసిన ప్యాకెట్ ఇస్తారు: రెండు దుప్పట్లు, గలీబు, తువ్వాలు. ఎక్కగానే అక్కడివాళ్లు ఇంట్లో వేసుకునే బట్టల్లోకి, చెప్పుల్లోకి మారిపోతారు. ఆడవాళ్లు బట్టలు మార్చుకుంటున్నప్పుడు మగవాళ్లు చెప్పించుకోకుండానే నడవాలోకి వెళ్లి కిటికీ దగ్గర నిలబడతారు. మీ గ్రూపు మగవాళ్లకి ఈ మాట ముందే చెప్పండి, ముఖ్యంగా ఆ మూడో గదిలో ఉండేవాళ్లకి.

బోగీ చివర వేణ్నీళ్ల బాయిలర్ ఉంటుంది, రాత్రీ పగలూ మరిగే నీళ్లు, ఉచితం. ప్రొవద్నీత్సాని అడిగితే లోహపు పట్టీ ఉన్న గాజు గ్లాసు ఇస్తుంది. పొద్దున ఆవిడే వచ్చి లేపుతుంది, దుప్పట్లు అప్పగించాలి. ఊరొచ్చేసింది కదా అని చివర్లో టాయిలెట్‌కి వెళ్దామనుకోవద్దు. పాత బోగీల్లో స్టేషన్ దగ్గరపడగానే తాళం వేసేస్తారు.

పాలపిట్ట:
మీరందరూ రాత్రి రైలుని బాగానే మెచ్చుకుంటున్నారు గానీ, నేను మాత్రం పెద్దవాళ్లున్న గ్రూపుకి ఇన్ని రాత్రులు రైల్లో వద్దంటాను. రైలు తెల్లారి ఏడుకో ఎనిమిదికో చేరుతుంది. హోటల్ గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. మధ్యలో ఆ ఏడు గంటలూ మోకాళ్ల నొప్పులున్నావిడ స్నానం లేకుండా మ్యూజియం మెట్లెక్కాలి. హోటల్ ఖర్చు కలిసొచ్చేది ట్రావెల్స్ వాళ్లకి, మనకి కాదు.

మాస్కో, పీటర్స్‌బర్గ్ మధ్య సప్సాన్ అనే వేగంగా వెళ్లే పగటి రైలు ఉంది. 2009 నుంచి నడుస్తోంది, సుమారు నాలుగు గంటల్లో చేరుస్తుంది. కుర్చీలో కూర్చుని పగటి వెలుగులో ఊళ్లూ అడవులూ చూసుకుంటూ వెళ్లొచ్చు. 650 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిది గంటలు నడిపించే రైలెందుకు?

రైలుపిచ్చి:
పాలపిట్ట గారు చెప్పిన గది సమస్య నిజమే, దానికి పరిష్కారం ముందే మాట్లాడుకోవాలి. ఉదయం చేరగానే కనీసం రెండు గదులైనా ఇప్పించమనండి, పది మందీ వంతులవారీగా స్నానాలు చేసుకోవచ్చు. ఆ రోజు ప్రోగ్రాం పదకొండు తర్వాతే మొదలవ్వాలి.

కానీ ఎనిమిది గంటలు నడిపించేది నిద్రపోవడానికే. అర్ధరాత్రి పడుకుని నాలుగింటికి దిగితే ఏం లాభం? రెడ్ యారో అన్న రైలు 1931 నుంచి ఈ దారిలో ఉంది. రాత్రి 11:55కి బయల్దేరి పొద్దున ఎనిమిదికల్లా చేరుతుంది. పీటర్స్‌బర్గ్ నుంచి బయల్దేరేటప్పుడు ప్లాట్‌ఫామ్ మీద గ్లియేర్ స్వరపరిచిన ఆ నగర గీతం వినిపిస్తారు. రైళ్లంటే ఇష్టమున్నవాళ్లు ఒక్కసారైనా ఎక్కాల్సిన బండి అది.

కజాన్‌కి సప్సాన్ లేదు. విమానం ఉంది గానీ, ఈ మధ్య డ్రోన్ల భయంతో మాస్కో విమానాశ్రయాలని చెప్పాపెట్టకుండా గంటల తరబడి ఆపేస్తున్నారు. కనెక్టింగ్ విమానాలున్న గ్రూపుకి ఆ టెన్షన్ వద్దు. కజాన్‌కి రైలే మంచిది.

మంజీరా:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డ్రోన్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. యుద్ధం జరుగుతుండగా ఇప్పుడు వెళ్లడం సరైనదేనా అని అమ్మ రోజూ అడుగుతోంది. ఇంకా తిండి సంగతి, డబ్బు సంగతి కూడా చెప్పండి.

గోస్తనీ:
అమ్మగారి ప్రశ్నని తేలిగ్గా తీసెయ్యకండి. మన విదేశాంగ శాఖ సూచనలు బయల్దేరే వారం దాకా చూస్తూ ఉండండి, ఉక్రెయిన్ సరిహద్దు జిల్లాల వైపు ఏ ప్యాకేజీ ఉన్నా ఒప్పుకోవద్దు. ప్రయాణ బీమా కాగితంలో యుద్ధం గురించి ఏం రాశారో ఒకసారి చదవండి. మీ దారి ఆ వైపు పోదు. అయినా ఇంట్లో ఒక్కరికి మనసొప్పకపోయినా వాయిదా వేసుకోవడమే మంచిదని నా ఉద్దేశం.

డబ్బు విషయం: 2022 మార్చి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ రష్యా బయట ఇచ్చినవి అక్కడ పనిచెయ్యవు. మన బ్యాంకు కార్డుల మీద ఆశ పెట్టుకోవద్దు. డాలర్లో యూరోలో కొత్త నోట్లు తీసుకెళ్లి అక్కడి బ్యాంకుల్లో రూబుళ్లు చేసుకోవాలి. పది మంది డబ్బూ ఒకరి దగ్గరే పెట్టకుండా పంచుకోండి. మొబైల్ ఇంటర్నెట్ కూడా మధ్యమధ్య ఆగిపోతోంది, విదేశీయులకి అక్కడి సిమ్ దొరకడమూ ఇప్పుడు సులువు కాదు. టికెట్లు, హోటల్ చిరునామాలు రష్యన్ లిపిలో ప్రింట్ తీసి ప్రతి ఒక్కరి జేబులో ఉంచండి. అనువాదం యాప్‌లో రష్యన్ భాష ఇక్కడే డౌన్‌లోడ్ చేసుకోండి.

వీసా సులువే. 2023 ఆగస్టు నుంచి మనవాళ్లకి ఈ-వీసా ఉంది.

కజాన్ డాక్టరమ్మ:
తిండి గురించి నేను చెప్తాను, ఆరేళ్ల చదువులో శాకాహారి రూమ్మేట్‌కి నేనే వెతికి పెట్టేదాన్ని.

‘మాంసం లేకుండా’ అని అడిగితే చేపో చికెనో పెడతారు. చాలామంది లెక్కలో అవి మాంసం కావు. ‘పోస్త్‌నయె’ అని అడగండి. చర్చి ఉపవాసాల్లో తినే వంట అని అర్థం, మాంసం, పాలు, గుడ్డు ఉండవు. ఈస్టర్ ముందు హోటళ్లలో దీనికి వేరే మెనూ ఉంటుంది, మిగతా రోజుల్లో కూడా మాట అర్థమవుతుంది. చేప సంగతి మాత్రం విడిగా అడగండి.

స్టేషన్లో కొనేవాటిలో గుడ్డు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చెప్తాను. పిరోష్కి అంటే లోపల కూర పెట్టిన బన్ను. బంగాళాదుంపదైతే కూర వరకు ఫరవాలేదు, క్యాబేజీ పిరోష్కిలో చాలాసార్లు ఉడికించిన గుడ్డు కలుపుతారు. కజాన్‌లో అందరూ కొనే చక్‌చక్, అదే తేనె పట్టించిన మిఠాయి, దాని పిండిలో గుడ్డు ఉంటుంది. మూడు మూలల ఎచ్‌పొచ్‌మాక్ మాంసంతోనే చేస్తారు. బోర్ష్ సూపులో ముక్కలు కనిపించకపోయినా నీళ్లు మాంసం ఉడికించినవే. గ్రేచ్క అనే గింజ ఉడికించి పెడతారు, అది నిశ్చింతగా తినొచ్చు. పెరుగు లేకపోతే ముద్ద దిగనివాళ్లకి కెఫీర్ ఏ చిన్న కొట్లోనైనా దొరుకుతుంది.

రైల్లో మాత్రం మన తిండే హాయి. ఎక్కే రాత్రికి చపాతీలు సరిపోతాయి. పొద్దున్నే బాయిలర్ నీళ్లు పోస్తే కప్పు ఉప్మా, అటుకుల ఉప్మా ఐదు నిమిషాల్లో తయారు. ఆవకాయ సీసా తలుపు మూసిన గదిలో తెరిస్తే వాసన పొద్దుటిదాకా పోదు. పై బెర్తులో వేరేవాళ్లుంటే కాస్త ఆలోచించండి. బల్ల లోయర్ బెర్తుల మధ్యే ఉంటుంది, పై బెర్తువాళ్లు తినడానికి కిందికొస్తారు. వాళ్లకి చోటివ్వడం అక్కడి మర్యాద. మా రూమ్మేట్ ఒకసారి కప్పు ఉప్మా కలుపుతుంటే, పైనుంచి దిగిన పెద్దావిడ పక్కనే కూర్చుని వాసన చూసి, తన డబ్బాలోంచి ఊరేసిన దోసకాయలు తీసి మాకు పెట్టింది. ఆ దోసకాయ ఉప్మాతో ఎంత బాగుందో చెప్పలేను.

ఉల్కాపాతం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేం నలుగురు స్నేహితులం మాస్కో నుంచి వ్లదివొస్తోక్ దాకా ట్రాన్స్-సైబీరియన్ మొత్తం చేద్దామనుకుంటున్నాం. చలికాలంలో ఎలా ఉంటుంది?

రైలుపిచ్చి:
తమ్ముడూ, 9,288 కిలోమీటర్లు, ఎక్కడా దిగకపోతే దాదాపు వారం. రెండు కొసలకీ ఏడు గంటల తేడా. 2018 ఆగస్టు దాకా దేశమంతటా టికెట్ల మీద మాస్కో టైమే వేసేవాళ్లు, ఇప్పుడు ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ టైమే. పాత బ్లాగులు చదివి లెక్కలు వేసుకోకండి. యెకతెరిన్‌బుర్గ్‌లో, ఇర్కూత్స్క్‌లో దిగి రెండేసి రోజులు ఉండండి. స్ల్యుద్యాంక స్టేషన్ దగ్గర బైకాల్ సరస్సు పట్టాల పక్కకి వస్తుంది, ఆ భాగం పగలు దాటేలా రైలు ఎంచుకోండి. మీరు నలుగురు, కూపేకి నాలుగు బెర్తులు. పేచీయే లేదు.

ఉత్తరధ్రువం:
చలికాలం గురించి నేను చెప్తాను. నార్తర్న్ లైట్స్ కోసం పీటర్స్‌బర్గ్ నుంచి మూర్మాన్స్క్‌కి గ్రూపుతో రైల్లో వెళ్లాను. బయట ఎంత చలి ఉన్నా బోగీలో టీషర్ట్ చాలు, కొన్ని బోగీల్లో ఇప్పటికీ బొగ్గు బాయిలరే వేడి చేస్తుంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ప్రొవద్నీత్సా పని. రైలు ఆగిన ప్రతి పెద్ద స్టేషన్లో ఆవిడ ముందు గుడ్డతో మెట్ల పక్క కమ్మీలు తుడిచేది, ఆ తర్వాత ఇనుప గునపం తీసుకుని బోగీ కింద పేరుకున్న మంచుగడ్డల్ని కొట్టేది. చేతులకి మందపాటి గ్లౌజులు, తల మీద టోపీ, ముఖమంతా ఆవిరి. మనం ఫొటోలు దిగి లోపలికొచ్చేసరికి ఆవిడా బూట్లు దులుపుకుని లోపలికొచ్చి మళ్లీ టీ గ్లాసులు కడుగుతూ ఉండేది. ఇలాంటి మనిషికి దిగేటప్పుడు పది మందీ విడివిడిగా థాంక్స్ చెప్పండి, ‘స్పసీబ’ అంటే చాలు. మా గ్రూపులో కొందరు ఆవిణ్ణి హోటల్ బాయ్‌ని పిలిచినట్టు పిలిచారు. నాకు చాలా బాధనిపించింది.

ప్లాట్‌ఫామ్ మీద దిగినప్పుడు రైలు ఎన్ని నిమిషాలు ఆగుతుందో నడవాలో తగిలించిన టైంటేబుల్ చూసే దిగండి. 2014 నుంచి రైల్లో సిగరెట్ పూర్తిగా నిషేధం, అలవాటున్నవాళ్లు ఆ కాస్త టైంలో దూరం వెళ్లిపోతుంటారు.

ఓరుగల్లు తోరణం:
మంజీరా గారూ, పీటర్స్‌బర్గ్ రైలు పగటిదైతే ఒక చోట కిటికీలోంచి తప్పకుండా చూడండి. మాస్కో దాటాక దాదాపు 170 కిలోమీటర్ల దగ్గర త్వేర్ అనే ఊరొస్తుంది, వోల్గా నది ఒడ్డున. 15వ శతాబ్దంలో అఫనాసీ నికీతిన్ అనే వర్తకుడు ఆ ఊరి నుంచే బయల్దేరి బీదర్ దాకా వచ్చాడు. మహమూద్ గవాన్ బహమనీల వజీరుగా ఉన్న కాలం. మన దక్కన్‌లో జనం ఏం తినేవాళ్లు, సుల్తాను ఊరేగింపు ఎలా ఉండేది, గుర్రాలకి ఎంత గిరాకీ, అన్నీ రాసుకున్నాడు. తిరుగుప్రయాణంలో సొంతూరు చేరకుండానే చనిపోయాడు. త్వేర్‌లో నది ఒడ్డున 1955లో ఆయన విగ్రహం పెట్టారు.

బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది, మీ మంజీర నది ఆ జిల్లాలోంచే మన వైపు వస్తుంది. రష్యా టూరు కట్టే మనవాళ్లు ఆయన పేరైనా చెప్పరు. సప్సాన్లు కొన్ని త్వేర్‌లో ఆగుతాయి. టైం ఉంటే సగం రోజు దిగి చూసి వెళ్లొచ్చు.

పాలపిట్ట:
పగటి రైలుకి ఇంకో మంచి కారణం దొరికింది!

మంజీరా:
ఇవాళ ట్రావెల్స్ వాళ్లతో గంటసేపు మాట్లాడాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే అడిగాను. మొదట విసుక్కున్నారు, టికెట్ కాపీలు కావాలన్నాక దారికొచ్చారు. కజాన్ రెండు ప్రయాణాలూ ఒకే బోగీలో ఇస్తామని రాసిచ్చారు: 5 నుంచి 12 దాకా రెండు గదులు, పక్క గదిలో 13, 14. అమ్మకి 5, అక్కకి 7, రెండూ లోయర్. మూడో గదిలో నేను, మా ఆయన ఉంటాం. మా అబ్బాయి అమ్మమ్మ పై బెర్తులో పడుకుంటానని ఇప్పటికే సిద్ధమైపోయాడు. రెండు ఉదయాలూ ఎనిమిదింటికే రెండేసి గదులు ఇప్పిస్తారు, దానికి కొంచెం ఎక్కువ కట్టాలి, కడతాం.

పీటర్స్‌బర్గ్‌కి సప్సాన్ అడిగాం. బావగారి స్నేహితులు మాత్రం రెడ్ యారోనే కావాలన్నారు. వాళ్లు నలుగురే కాబట్టి వాళ్లకి ఒక పూర్తి కూపే, మేం ఆరుగురం మర్నాడు పగలు. గైడ్ రైల్లో రారట, కానీ రాత్రి ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి నంబరిచ్చారు. త్వేర్ గురించి చెప్పగానే బావగారు దిగి చూద్దామంటున్నారు. అమ్మ యుద్ధం గురించి ఇంకా అడుగుతూనే ఉంది. ఆగస్టు చివర్లో అందరం కూర్చుని మళ్లీ మాట్లాడుకుంటాం, తనకి ఇష్టం లేకపోతే వాయిదా వేస్తామని చెప్పాను. ఆ మాట విన్నాక కాస్త కుదుటపడింది.

కజాన్ డాక్టరమ్మ:
మంచి పని చేశారు. ఇంకొక్క విషయం, టికెట్ మీద స్టేషన్ పేరు కూడా చూడండి. మాస్కోలో కజాన్స్కీ, లెనిన్‌గ్రాద్స్కీ, యారొస్లావ్‌స్కీ మూడు స్టేషన్లూ ఒకే కూడలి చుట్టూ ఉంటాయి, పొరపాటున పక్కదాంట్లోకి వెళ్లడం తేలిక. పైగా 2021లో తెరిచిన వొస్తోచ్నీ నుంచి కూడా కొన్ని రైళ్లు బయల్దేరతాయి. కజాన్‌లోనూ రెండు స్టేషన్లు. పాతది ఊరి మధ్యలో, కోటకి దగ్గర. రెండోది ఉత్తరాన దూరంగా ఉంటుంది. తిరుగు టికెట్ ఏ స్టేషన్ నుంచో గైడ్‌కి కూడా చూపించండి. స్టేషన్ గుమ్మంలో సామాను స్కానింగ్ ఉంటుంది, పది మంది పెట్టెలు దాటాలంటే గంట ముందు చేరాలి. అమ్మగారికి మెట్లు ఇబ్బందైతే ప్రొవద్నీత్సాకి చెయ్యి చూపించండి, మాట రాకపోయినా ఆవిడే వచ్చి పట్టుకుని ఎక్కిస్తుంది.